లారీ కాగితంలో రెండు తేదీలు

కడప జిల్లా రాజుపాలెం మండలంలో నల్లరేగడి భూములు ఎక్కువ. పక్కనే కుందూ నది పారుతుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో రైతులు శనగ విత్తుతారు. సంక్రాంతి దాటినాక కోతలు జోరుగా సాగుతాయి. కల్లంలో నుంచి మూటలు ప్రొద్దుటూరు చేరతాయి. అక్కడ లారీ ఎక్కి దూరం పోతాయి.

శనగలే కాదు. పులివెందుల అరటి గెలలు పోతాయి. చీనీకాయలు పోతాయి. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు నుంచి సిమెంటు పోతుంది. కడప బండలు పోతాయి. ఒక లారీ బెంగుళూరు పోతుంది. ఇంకొకటి మద్రాసు పోతుంది. మరొకటి హైదరాబాదు, ఢిల్లీ దాకా పోతుంది.

ప్రతి లారీ వెనక ఒక సంసారం ఉంటుంది. బండి మీద అప్పు ఉంటుంది. నెలనెలా కంతు కట్టాలి. డ్రైవరు బత్తా ఇవ్వాలి. టైర్లు కొనాలి. డీజిల్ పోయించాలి. మిగిలిన డబ్బుతోనే ఇంట్లో పొయ్యి వెలగాలి. పిల్లల చదువు సాగాలి. అట్లాంటి బండి రోడ్డు మీద ఆగిపోతే ఇల్లే ఆగిపోయినట్టు.

ఇంజన్ చెడిపోతే బండి ఆగుతుంది. అది అందరికీ తెలుసు. కాగితం మీద తేదీ దాటిపోయినా బండి ఆగుతుంది. ఇది చాలామందికి ఆగిన తర్వాతనే తెలుస్తుంది.

పర్మిట్ అంటే ఏమిటి?

పర్మిట్ అంటే అనుమతి. డబ్బు తీసుకొని సరుకు మోసే బండికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి. బండి కొన్నంత మాత్రాన కిరాయికి తిప్పడానికి హక్కు రాదు. డ్రైవరుకు లైసెన్సు ఉన్నంత మాత్రాన కూడా రాదు. బండికి వేరేగా పర్మిట్ కావాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ఈ మాట చెబుతోంది. ఆ చట్టం 1989 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది.

అన్ని బండ్లకూ పర్మిట్ అక్కరలేదు. సరుకుతో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు దాటని చిన్న బండికి అక్కరలేదు. సంతకు టమాటాలు తీసుకుపోయే చిన్న ట్రాలీ ఆటో ఇట్లాంటిదే. పెద్ద లారీకి మాత్రం తప్పదు.

పర్మిట్ ఇచ్చేది రవాణా శాఖ. ఊళ్ళో కొందరు ఆ ఆఫీసును ఆర్టీవో ఆఫీసు అంటారు. కొందరు బ్రేకు ఆఫీసు అంటారు. రాజుపాలెం వాళ్ళకు దగ్గరి ఆఫీసు ప్రొద్దుటూరులో ఉంది.

సొంత రాష్ట్రం, పరాయి రాష్ట్రం

ఆంధ్రప్రదేశ్ పర్మిట్ ఉన్న లారీ ఆంధ్రప్రదేశ్‌లో తిరగవచ్చు. కర్ణాటకలో తిరగాలంటే ఆ ఒక్క పర్మిట్ చాలదు. తమిళనాడుకు కూడా చాలదు. ఒక్క ట్రిప్పు పోయి రావాలంటే తాత్కాలిక పర్మిట్ తీసుకోవచ్చు. ఎప్పుడూ పోయి వచ్చే లారీకి అది గిట్టుబాటు కాదు.

రాష్ట్రాల గీత మారితే కాగితం కూడా మారుతుంది. హైదరాబాదు సంగతే చూడండి. 2014 జూన్ 2 దాకా హైదరాబాదు సొంత రాష్ట్రంలోనే ఉండేది. రాజుపాలెం శనగలు హైదరాబాదు పోవాలంటే రాష్ట్ర పర్మిట్ చాలేది. ఆ రోజు తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. కర్నూలు దగ్గర తుంగభద్ర వంతెన దాటితే ఇప్పుడు వేరే రాష్ట్రం. 2015 ఏప్రిల్ నుంచి తెలంగాణ ప్రభుత్వం ఆంధ్ర బండ్ల దగ్గర పన్ను తీసుకోవడం మొదలుపెట్టింది. రోడ్డు అదే. వంతెన అదే. లారీ అదే. కాగితం మాత్రం వేరే కావలసి వచ్చింది.

దేశమంతా తిరిగే పర్మిట్

ఎక్కువ రాష్ట్రాలు తిరిగే లారీకి నేషనల్ పర్మిట్ తీసుకుంటారు. నేషనల్ అంటే దేశమంతటికీ చెందినది. లారీ ముందర, వెనక ‘ఎన్.పి.’ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. అవి నేషనల్ పర్మిట్‌కు గుర్తు.

ఈ పద్ధతి 1975లో మొదలైంది. చాలా ఏళ్ళు అది పూర్తిగా దేశమంతటికీ వర్తించలేదు. లారీ యజమాని సొంత రాష్ట్రం కాక కనీసం మూడు రాష్ట్రాలను ఎంచుకోవాలి. ఒక్కొక్క రాష్ట్రానికి ఏడాదికి 5,000 రూపాయల చొప్పున కట్టాలి. అంటే మూడు రాష్ట్రాలకు 15,000 రూపాయలు. నాలుగో రాష్ట్రం పోవాలంటే ఇంకో 5,000 కట్టాలి. ఒక్కొక్క రాష్ట్రం పేరున వేరే వేరే బ్యాంకు డ్రాఫ్టు తీయాలి. డబ్బుతో పాటు తిరుగుడు కూడా ఎక్కువే.

2010 మే 8 నుంచి కొత్త పద్ధతి వచ్చింది. ఏడాదికి ఒక్కసారి 15,000 రూపాయలు కట్టాలి. సొంత రాష్ట్రంలో అనుమతి రుసుము 1,000 రూపాయలు వేరేగా కట్టాలి. అప్పుడు దేశంలో ఏ రాష్ట్రమైనా పోవచ్చు. తర్వాత 15,000 రూపాయలను 16,500 చేశారు. ఈ డబ్బు ఒకే చోట జమ అవుతుంది. తర్వాత రాష్ట్రాలు పంచుకుంటాయి.

లెక్క వేసి చూడండి. 16,500కు 1,000 కలిపితే 17,500 రూపాయలు. ఏడాదికి 365 రోజులు. రోజుకు దాదాపు 48 రూపాయలు పడుతుంది. రోజుకు 48 రూపాయలంటే చిన్న మొత్తమే. ఒక్కసారిగా 17,500 తీయాలంటేనే కష్టం. అందుకే ముందు నుంచి కొంత కొంత పక్కన పెట్టాలి. నెలకు 1,500 రూపాయలు దాచితే ఏడాదికి 18,000 అవుతాయి. పర్మిట్ డబ్బు చేతిలో ఉంటుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది

నేషనల్ పర్మిట్ లారీకి రెండు తేదీలు ఉంటాయి.

మొదటిది పర్మిట్ తేదీ. అది అయిదేళ్ళ దాకా నడుస్తుంది.

రెండోది దేశమంతా తిరగడానికి ఇచ్చే అనుమతి తేదీ. దీన్ని ‘ఆథరైజేషన్’ అంటారు. అది ఒక్క ఏడాదే నడుస్తుంది. ఏడాది కాగానే మళ్ళీ డబ్బు కట్టి కొత్తది తీసుకోవాలి.

చాలామంది మొదటి తేదీ చూసి నిశ్చింతగా ఉంటారు. “పర్మిట్ ఇంకా మూడేళ్ళు ఉంది లే” అనుకుంటారు. రెండో తేదీ దాటిపోయి ఉంటుంది. పరాయి రాష్ట్రంలో అధికారి బండి ఆపుతాడు. రెండో కాగితం అడుగుతాడు. అప్పుడు గుండె జారుతుంది.

అందుకే పర్మిట్ చూసేటప్పుడు ఒక తేదీ చూస్తే చాలదు. రెండూ చూడాలి.

ఇంకో సంగతి. బండి పాతబడితే నేషనల్ పర్మిట్ ఇవ్వరు. మామూలు లారీకి 12 ఏళ్ళ దాకా ఇస్తారు. ఎక్కువ ఇరుసులున్న పెద్ద లారీకి 15 ఏళ్ళ దాకా ఇస్తారు. పాత లారీ కొనేవాళ్ళు ఈ లెక్క ముందే చూసుకోవాలి. పది పదకొండేళ్ళ బండి చౌకగా వస్తుంది. కానీ దూరపు కిరాయి దానికి ఎంతో కాలం దొరకదు.

చేయకూడని పని ఒకటి

నేషనల్ పర్మిట్ ఉందని ఎక్కడ పడితే అక్కడ కిరాయి కొట్టకూడదు. పరాయి రాష్ట్రంలో ఒక ఊళ్ళో ఎక్కించిన సరుకును అదే రాష్ట్రంలోని ఇంకో ఊళ్ళో దించకూడదు.

ప్రొద్దుటూరు లారీ శనగలు వేసుకొని హైదరాబాదు పోవచ్చు. తిరుగు ప్రయాణంలో హైదరాబాదు సరుకు వేసుకొని కడప రావచ్చు. బెంగుళూరు కూడా పోవచ్చు. కానీ హైదరాబాదులో ఎక్కించి వరంగల్లులో దించకూడదు. ఆ రెండూ తెలంగాణలోనే ఉన్నాయి. అక్కడి లోపలి కిరాయిలు అక్కడి లారీలకే. అట్లాగే తెలంగాణ లారీ కడపలో ఎక్కించి కర్నూలులో దించకూడదు.

మూడు నెలల పన్ను వేరు

పర్మిట్ రుసుము వేరు. బండి పన్ను వేరు. ఈ రెండూ కలిపి చూసి కొందరు పొరపాటు పడతారు.

ఆంధ్రప్రదేశ్‌లో లారీకి మూడు నెలలకు ఒకసారి పన్ను కట్టాలి. దీన్ని క్వార్టర్ టాక్సు అంటారు. ఏడాదికి నాలుగు క్వార్టర్లు. ఏప్రిల్ 1న ఒకటి మొదలవుతుంది. జూలై 1న రెండోది. అక్టోబరు 1న మూడోది. జనవరి 1న నాలుగోది. ఆలస్యమైతే పన్నుకు తోడు జరిమానా పడుతుంది. నేషనల్ పర్మిట్ డబ్బు కట్టినా ఈ పన్ను తప్పదు.

డీజిల్‌లో దాగిన పన్ను

“మరి డీజిల్ పోసుకోవడానికి కూడా పర్మిట్ కావాలా?” అని కొందరు అడుగుతారు.

అక్కరలేదు. డీజిల్ పన్ను బంకులోనే కట్టేస్తారు. రసీదులో వేరేగా కనపడదు. ధరలోనే కలిసి ఉంటుంది. అందుకే అది పన్ను అని చాలామందికి తోచదు.

లీటరు డీజిల్ ధరలో రెండు పన్నులు ఉంటాయి. ఒకటి కేంద్ర ప్రభుత్వానిది. అది దేశమంతా ఒకటే. రెండోది రాష్ట్రానిది. దాన్ని వ్యాట్ అంటారు. అది రాష్ట్రానికో తీరుగా ఉంటుంది. 2017 జూలై 1న దేశంలో జీఎస్టీ వచ్చింది. చాలా సరుకులకు దేశమంతా ఒకే పన్ను అయింది. డీజిల్‌ను మాత్రం అందులో కలపలేదు. అందుకే రాష్ట్రం దాటితే డీజిల్ ధర మారుతుంది.

2025 ఏప్రిల్ నాటి లెక్క చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో డీజిల్ మీద వ్యాట్ 22.25 శాతం. దాని మీద లీటరుకు ఇంకో 4 రూపాయలు. రోడ్డు సెస్సు 1 రూపాయి. కర్ణాటకలో వ్యాట్ 2024 జూన్‌లో 18.44 శాతం అయింది. 2025 ఏప్రిల్‌లో 21.17 శాతానికి పెంచారు.

రాష్ట్రం పన్ను వేయక ముందు లీటరు ధర 75 రూపాయలు అనుకోండి.

ఆంధ్రలో 22.25 శాతం అంటే 16 రూపాయల 69 పైసలు. దానికి 4 రూపాయలు, 1 రూపాయి కలపాలి. మొత్తం రాష్ట్ర పన్ను 21 రూపాయల 69 పైసలు.

కర్ణాటకలో 21.17 శాతం అంటే 15 రూపాయల 88 పైసలు.

తేడా లీటరుకు 5 రూపాయల 81 పైసలు. 300 లీటర్లు పోయిస్తే 1,743 రూపాయల తేడా. ఒక్క ట్రిప్పులో అంత మిగిలితే డ్రైవరు బత్తా వెళ్ళిపోతుంది. అందుకే కదిరి మీదుగా బెంగుళూరు పోయే లారీ డ్రైవరు సరిహద్దు దాటేదాకా సరిపడా డీజిలే పోయించుకుంటాడు. కర్ణాటకలోకి పోయినాక టాంకు నింపుకుంటాడు. ఇది తప్పు కాదు. బండి టాంకులో డీజిల్ ఎక్కడైనా పోయించుకోవచ్చు.

ఇందులో ఒక తమాషా ఉంది. టాంకు నింపింది కర్ణాటకలో. బండి తిరిగింది ఎక్కువగా ఆంధ్ర రోడ్ల మీద. పన్ను మాత్రం కర్ణాటకకు పోయింది. రోడ్డు అరిగింది ఒకరిది. డబ్బు ముట్టింది ఇంకొకరికి.

వేరే దేశంలో ఏం చేశారు?

అమెరికాలో కూడా ఇదే తగవు వచ్చింది. అక్కడ కూడా రాష్ట్రానికో డీజిల్ పన్ను. ఒకప్పుడు ప్రతి రాష్ట్రానికీ వేరే కాగితం, వేరే లెక్క ఉండేది. 1983లో మూడు రాష్ట్రాలు ఒక ఒప్పందానికి వచ్చాయి. అవి ఆరిజోనా, అయోవా, వాషింగ్టన్. తర్వాత మిగిలినవి చేరాయి. ఇప్పుడు అమెరికాలో 48 రాష్ట్రాలు, పక్క దేశం కెనడాలో 10 రాష్ట్రాలు ఆ ఒప్పందంలో ఉన్నాయి.

అక్కడి పద్ధతి ఇది. లారీ ఏ రాష్ట్రంలో ఎంత దూరం తిరిగిందో యజమాని రాసిపెట్టాలి. ఎక్కడ ఎంత డీజిల్ పోయించాడో రాసిపెట్టాలి. మూడు నెలలకు ఒకసారి సొంత రాష్ట్రానికి ఆ లెక్క ఇవ్వాలి. ఎక్కువ తిరిగి తక్కువ డీజిల్ కొన్న రాష్ట్రానికి బాకీ కట్టాలి. తక్కువ తిరిగి ఎక్కువ కొన్న రాష్ట్రం నుంచి డబ్బు తిరిగి వస్తుంది. సొంత రాష్ట్రమే ఈ లెక్క తేల్చి పంచుతుంది. లారీకి రెండు పక్కలా ఒక్కొక్క గుర్తు చీటీ అంటిస్తారు. ఆ చీటీ లేని లారీ ఒక్క ట్రిప్పు పోవాలంటే తాత్కాలిక డీజిల్ పర్మిట్ కొనుక్కోవాలి.

భారతదేశంలో ఆ పద్ధతి లేదు. ఇక్కడ డీజిల్ పన్ను పోయించిన చోటే ముగుస్తుంది. పరాయి రాష్ట్రాల రోడ్లు వాడుకున్నందుకు నేషనల్ పర్మిట్ డబ్బులో నుంచి వాటికి వాటా పోతుంది.

అయినా అమెరికా పద్ధతిలో నేర్చుకోవలసిన మాట ఒకటి ఉంది. ఎంత తిరిగింది, ఎంత డీజిల్ తాగింది అని రాసిపెట్టడం. అక్కడ ప్రభుత్వం కోసం రాస్తారు. ఇక్కడ ఇంటి కోసం రాయవచ్చు. లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇచ్చే బండి మూడే ఇస్తోందంటే ఎక్కడో లోపం ఉంది. ఇంజన్‌లో ఉండవచ్చు. లెక్కలో ఉండవచ్చు. నోటుబుక్కులో అంకెలు ఉంటే అది బయటపడుతుంది.

సరుకుకు వేరే కాగితం

జీఎస్టీ వచ్చినాక రాష్ట్రాల పొలిమేరల్లో చాలా చెక్‌పోస్టులు ఎత్తేశారు. వాణిజ్య పన్నుల కోసం గంటలు గంటలు బండ్లు నిలబడడం తగ్గింది. దాని బదులు 2018 ఏప్రిల్ 1 నుంచి రాష్ట్రం దాటే సరుకుకు ఇ-వే బిల్లు వచ్చింది. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ బిల్లు ఉండాలి. ఇది బండికి కాదు, సరుకుకు. సాధారణంగా సరుకు పంపేవాళ్ళు తీసి ఇస్తారు.

సిమెంటు లోడుకు ఈ బిల్లు కావాలి. పచ్చి అరటి గెలలకు, చీనీకాయలకు జీఎస్టీ లేదు. వాటికి ఈ బిల్లు అక్కరలేదు. బిల్లుకు కూడా గడువు ఉంది. 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున ఇస్తారు. 400 కిలోమీటర్లకు రెండు రోజులు.

తేదీ దాటితే ఏమవుతుంది?

2019లో మోటారు వాహనాల చట్టాన్ని మార్చారు. జరిమానాలు పెరిగాయి. పర్మిట్ లేకుండా లారీ తిప్పితే మొదటిసారి 10,000 రూపాయల జరిమానా. ఆరు నెలల దాకా జైలు శిక్ష కూడా పడవచ్చు. నడిపినవాళ్ళకే కాదు, నడపనిచ్చిన యజమానికి కూడా ఇది వర్తిస్తుంది.

ఇక్కడ ఆడవాళ్ళు ఒక సంగతి గమనించాలి. చాలా ఇళ్ళలో బండి భార్య పేరున కొంటారు. ఆమె సంతకం పెడుతుంది. బండి ఎక్కడ తిరుగుతోందో ఆమెకు తెలియదు. కానీ కాగితంలో యజమాని ఆమే. నోటీసు వచ్చేది ఆమె పేరునే. కోర్టుకు పిలిచేది ఆమెనే.

జరిమానా కంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. పర్మిట్ లేని లారీ ఎవరినైనా గుద్దిందనుకోండి. “ఇన్సూరెన్సు కట్టాం కదా, కంపెనీ చూసుకుంటుంది” అని ఇంటివాళ్ళు ధైర్యంగా ఉంటారు. ఆ ధైర్యం నిలవదు.

పంజాబ్ వైపు ఇట్లాంటి కేసు జరిగింది. పర్మిట్ లేని లారీ వల్ల ఒక మనిషి చనిపోయాడు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 2018 మే నెలలో తీర్పు వచ్చింది. ఇన్సూరెన్సు కంపెనీ ముందు చనిపోయిన మనిషి కుటుంబానికి డబ్బు ఇవ్వాలి. తర్వాత ఆ డబ్బంతా లారీ యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చు. ఇదీ తీర్పు.

అంటే ప్రీమియం కట్టినా భారం యజమాని నెత్తిమీదే పడింది. ప్రమాదం కేసుల్లో పరిహారం లక్షల్లో ఉంటుంది. అంత డబ్బు ఎక్కడి నుంచి తేవాలి? బండి అమ్మాలి. చాలకపోతే చేను అమ్మాలి. 17,500 రూపాయలు కట్టడం మరచినందుకు ఇల్లు గుల్ల అవుతుంది.

యజమాని చనిపోతే

ఇది చెప్పుకోవడానికి కష్టమైన మాట. అయినా తెలిసి ఉండాలి.

పర్మిట్ భర్త పేరున ఉంది. ఆయన చనిపోయాడు. దుఃఖంలో ఉన్న ఇంట్లో కాగితాల సంగతి ఎవరికీ గుర్తుండదు. కానీ గడువు ఆగదు.

చట్టం ఒక దారి చూపింది. చనిపోయిన 30 రోజుల లోపల రవాణా శాఖకు రాతపూర్వకంగా తెలపాలి. “బండి ఇప్పుడు నా దగ్గర ఉంది. ఈ పర్మిట్‌ను నేను వాడుకుంటాను” అని రాసి ఇవ్వాలి. అట్లా తెలిపితే మూడు నెలల దాకా ఆ పర్మిట్ మీదనే బండి తిప్పుకోవచ్చు. ఆ మూడు నెలల లోపల పర్మిట్‌ను, బండిని తన పేరుకు మార్చమని దరఖాస్తు పెట్టుకోవాలి.

30 రోజులు అన్న మాట గుర్తుంటే చాలు. ఆ అర్జీ ఇచ్చినామె చేతిలో జీవనాధారం నిలుస్తుంది. తెలియనామె దగ్గర బండి చౌకగా కొట్టేయడానికి మనుషులు కాచుకొని ఉంటారు. అర్జీ ఇచ్చినట్టు రసీదు అడిగి తీసుకోవాలి.

కాగితం ఇంగ్లీషులో ఉంటే ఎట్లా?

“తెలుగు చదవడమే ఇప్పుడిప్పుడే వచ్చింది. ఇంగ్లీషు కాగితం ఎట్లా చదవాలి?” అని వెనకాడే వాళ్ళున్నారు. వెనకాడే పని లేదు. అంకెలు అవే. తేదీ రాసే తీరు అదే. ముందు రోజు, తర్వాత నెల, తర్వాత సంవత్సరం.

14-03-2027 అని ఉంటే 2027వ సంవత్సరం మూడో నెల 14వ తేదీ. మూడో నెల అంటే మార్చి.

కాగితంలో సాధారణంగా రెండు తేదీలు పక్కపక్కన ఉంటాయి. మొదటిది ఎప్పటి నుంచి. రెండోది ఎప్పటి వరకు. కావలసింది రెండోది. ‘వ్యాలిడ్ అప్‌టు’ అని ఇంగ్లీషులో రాసి ఉన్న చోట ఆ తేదీ ఉంటుంది. ఒకసారి తెలిసినవాళ్ళతో ఆ చోటు చూపించుకొని గుర్తు పెట్టుకోవాలి. బండి నంబరు కూడా సరి చూసుకోవాలి.

అత్తాకోడళ్ళ మధ్య ఇట్లాంటి మాట రావచ్చు.

“ఏమ్మా, మగోళ్ళ కాగితాలు నీకెందుకు?”

“మగోళ్ళు రోడ్డు మీద ఉంటారత్తా. కాగితాలు ఇంట్లో ఉంటాయి. ఇంట్లో ఉండేది నేనే కదా. తేదీలు చూసి క్యాలెండరులో రాసుకుంటాండా.”

“రాసుకుంటే ఏమొస్తాది?”

“మతిమరుపు రాదు. గడువు ఇంకో నెల ఉండంగానే ఫోన్ చేసి చెప్తా.”

ఆ కోడలు చేసే పని ఎవరైనా చేయవచ్చు. గోడకు క్యాలెండరు ఉంటే చాలు. కొత్త క్యాలెండరు రాగానే బండి కాగితాలన్నీ ముందర పెట్టుకోవాలి. ఒక్కొక్క కాగితం ఆఖరి తేదీ చూసి, దానికి నెల ముందు తేదీకి ఎర్ర గీత గీయాలి. పక్కన ఆ కాగితం పేరు రాయాలి.

రాసుకోవలసినవి ఇవి:

1. పర్మిట్: అయిదేళ్ళకు ఒకసారి.
2. నేషనల్ పర్మిట్ ఆథరైజేషన్: ఏడాదికి ఒకసారి.
3. క్వార్టర్ టాక్సు: మూడు నెలలకు ఒకసారి.
4. ఇన్సూరెన్సు: సాధారణంగా ఏడాదికి ఒకసారి.
5. ఫిట్‌నెస్: బండికి ఎనిమిదేళ్ళు నిండేదాకా రెండేళ్ళకు ఒకసారి. తర్వాత ఏటా.
6. పొగ సర్టిఫికెట్: పాత రకం బండికి ఆరు నెలలకు, కొత్త రకం బండికి ఏడాదికి.
7. డ్రైవరు లైసెన్సు: అయిదేళ్ళకు ఒకసారి.

రుసుములు, పన్నులు అప్పుడప్పుడు మారుతుంటాయి. కట్టే ముందు రవాణా శాఖ ఆఫీసులో అడిగి తెలుసుకోవాలి. నేషనల్ పర్మిట్ డబ్బు కంప్యూటరులో కూడా కట్టవచ్చు. బ్రోకరు చేత కట్టించినా రసీదు తెప్పించుకోవాలి. రసీదులో బండి నంబరు, మొత్తం, తేదీ చదవాలి. అడిగిన డబ్బు ఎంత, రసీదులో ఉన్నది ఎంత అని పక్కపక్కన పెట్టి చూడాలి.

ఇప్పుడు సెల్‌ఫోన్‌లో చూపించే కాగితం కూడా చెల్లుతుంది. 2018 నవంబరులో ఆ నియమం వచ్చింది. ప్రభుత్వ యాప్‌లో ఉన్న కాగితమే చెల్లుతుంది. ఊరికే తీసిన ఫోటో చాలదు.

గుర్తుంచుకోండి

పర్మిట్ ఊరు దాటిస్తుంది. డీజిల్ పన్ను బంకులోనే తీరుతుంది. మూడు నెలల పన్ను వేరు.
నేషనల్ పర్మిట్‌కు తేదీలు రెండు. ఏడాది తేదీ మరవకూడదు.
పర్మిట్ లేకపోతే ఇన్సూరెన్సు ఉన్నా భారం యజమాని మీద పడవచ్చు.
యజమాని చనిపోతే 30 రోజుల లోపల రాసి తెలపాలి.

చదివి జవాబు చెప్పండి

1. నేషనల్ పర్మిట్ లారీకి ఉండే రెండు తేదీలు ఏవి?
2. హైదరాబాదులో ఎక్కించిన సరుకును కడప లారీ వరంగల్లులో దించవచ్చా? ఎందుకు?
3. లీటరుకు 5 రూపాయలు తేడా ఉంటే 200 లీటర్లకు ఎంత మిగులుతుంది?
4. ఇంట్లో గానీ, పక్కింట్లో గానీ ఉన్న ఏ బండి కాగితమైనా ఒకటి తీసుకోండి. దాని ఆఖరి తేదీ చదివి నోటుబుక్కులో రాయండి.